త్రీనాట్‌త్రీ నుంచి ఇన్‌సాస్ దాకా: యుద్ధంలో మన జవాన్ల తుపాకులు - తరచుగా అడిగే ప్రశ్నలు

తుపాకుల గురించి యూట్యూబ్‌లో వీడియోలకు కొదవ లేదు. రేంజి ఎంత, నిమిషానికి ఎన్ని తూటాలు అన్న లెక్కలతోనే అవి అయిపోతాయి. యుద్ధం చూసొచ్చిన ఇన్‌ఫ్యాంట్రీ (కాల్బలం) జవాన్లు చెప్పే మాటలు వేరు. బరువు, చలి, ఇరుక్కుపోయిన తూటా, తుడవడానికి దొరకని గుడ్డపీలిక, వాళ్ల కబుర్లన్నీ వీటి చుట్టే. ఆ వైపు నుంచి వచ్చే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు రాశాను. 1962 నుంచి కార్గిల్ దాకా మన సైన్యం సంగతే ఎక్కువ.

1962లో మనం ఓడిపోయింది త్రీనాట్‌త్రీ వల్లేనా?

నెపం మొత్తం తుపాకీ మీదికి నెట్టేస్తే ఢిల్లీలో కూర్చున్న పెద్దలు సులువుగా తప్పించుకుంటారు. అలాగని తుపాకీది ఏ తప్పూ లేదనలేం.

అప్పటి జవాను చేతిలో ఉన్నది బ్రిటిష్ కాలం నాటి లీ-ఎన్‌ఫీల్డ్. దాని తూటా కొలత .303 అంగుళాలు, అందుకే త్రీనాట్‌త్రీ అన్న పేరు. బెంగాల్‌లోని ఇషాపూర్ ఫ్యాక్టరీలో దాన్ని తయారు చేసేవాళ్లు. మ్యాగజైన్‌లో 10 తూటాలు పడతాయి. ఒక్కో తూటా పేల్చాక బోల్టు పైకెత్తి, వెనక్కి లాగి, ముందుకు తోసి, మళ్లీ కిందికి దించాలి. బాగా తర్ఫీదైన జవాను గురి చూసి నిమిషానికి 15 తూటాలు కాల్చగలడు. అది రేంజిలో, ఎండలో, వేళ్లు మాట విన్నప్పుడు. వేళ్లు కొంకర్లు పోయే చలిలో ఆ లెక్క నిలవదు. ఎదుటి చైనా సైనికుల్లో చాలామంది దగ్గర టైప్ 56 రకం సెమీ ఆటోమేటిక్, ఆటోమేటిక్ తుపాకులున్నాయి. వాటికి ప్రతిసారీ బోల్టు లాగే పని లేదు.

తూటాలు నింపడంలోనూ ఒక చిక్కుంది. త్రీనాట్‌త్రీ తూటా అడుగున బయటికి పొడుచుకొచ్చిన అంచు ఉంటుంది. ఐదేసి తూటాల క్లిప్పులతో మ్యాగజైన్ నింపేటప్పుడు పై తూటా అంచు కింది తూటా అంచుకి ముందు ఉండాలి. వెనక పడిందా, బోల్టు తోయగానే రెండూ ఒకదాన్నొకటి పట్టుకుని ఇరుక్కుంటాయి. పగటిపూట ఇది చిన్న విషయమే. చీకట్లో, గుండె దడదడలాడుతున్నప్పుడు వేళ్లతో తడిమి సరిచూసుకోవాలంటే మాత్రం చిన్న విషయం కాదు.

అసలు దెబ్బ వేరే చోట తగిలింది. 1962 అక్టోబర్ 20న ఇప్పటి అరుణాచల్ ప్రదేశ్‌లోని నామ్‌కా చూ వాగు దగ్గర చైనా దాడి మొదలైనప్పుడు మన బ్రిగేడ్‌కి సరైన చలిబట్టలే లేవు. విమానాల నుంచి జారవిడిచిన సామానులో చాలా భాగం లోయల్లో పడి చేతికి రాలేదు. తూటాలు అయిపోయాక చేతిలో ఏ తుపాకీ ఉన్నా ఒకటే.

మరి రెజాంగ్ లాలో అదే తుపాకీతో అలా ఎలా పోరాడారు?

1962 నవంబర్ 18న లడఖ్‌లో చుషూల్‌కి దగ్గర్లో, 16,000 అడుగులకు పైన ఉన్న కనుమ అది. కాపలా కాస్తున్నది 13 కుమావ్ బెటాలియన్ చార్లీ కంపెనీ, మేజర్ షైతాన్ సింగ్ నాయకత్వంలో. జవాన్లు సుమారు 120 మంది. వెనక ఉన్న మన ఫిరంగులకూ వాళ్లకూ మధ్య కొండ అడ్డం, కాబట్టి ఫిరంగుల సాయం లేదు. త్రీనాట్‌త్రీలు, ఎల్‌ఎంజీలు (లైట్ మెషిన్ గన్లు), రెండంగుళాల మోర్టార్లు, గ్రెనేడ్లు, ఉన్నవి ఇవే.

రక్షణలో కూర్చున్నవాడికి బోల్టు తుపాకీ మరీ పనికిరానిదేం కాదు. పైనుంచి కిందికి చూస్తూ, దగ్గరికి వచ్చేదాకా ఆగి, గురి చూసి కాల్చేవాడికి వేగం కంటే గురి ముఖ్యం. మొదటి దాడుల్ని వాళ్లు అలాగే తిప్పికొట్టారు. కంపెనీలో చాలా కొద్దిమందే ప్రాణాలతో మిగిలారు. మరుసటి ఏడాది మంచు కరిగే వేళకి మృతదేహాలు బయటపడ్డాయి. చాలామంది మోర్చాల్లో (కందకాల్లో) తుపాకులు పట్టుకున్న భంగిమలోనే ఉన్నారు. మోర్టార్ జవాను చేతిలో గుండు అలాగే ఉంది. మేజర్ షైతాన్ సింగ్‌కి పరమవీర చక్ర ఇచ్చారు.

పాత జవాన్లకు ఎస్‌ఎల్‌ఆర్ అంటే అంత అభిమానం ఎందుకు?

వాళ్లు ఎస్‌ఎల్‌ఆర్ అనేది 7.62 మి.మీ. సెల్ఫ్ లోడింగ్ రైఫిల్‌ని. బెల్జియం ఎఫ్‌ఎన్ కంపెనీ తుపాకీని చూసి మనవాళ్లు ఇషాపూర్‌లో సొంతంగా తయారు చేశారు. అనుమతి లేకుండా చేశారని ఆ కంపెనీ గొడవపెట్టింది, తర్వాత సర్దుబాటైంది. 1965 యుద్ధం నాటికి ఇంకా చాలా యూనిట్ల చేతుల్లో త్రీనాట్‌త్రీలే ఉన్నాయి. 1971కి వచ్చేసరికి ఎస్‌ఎల్‌ఆరే ఇన్‌ఫ్యాంట్రీ ప్రధాన తుపాకీ.

ట్రిగ్గర్ నొక్కినప్పుడల్లా ఒక తూటా, మ్యాగజైన్‌లో 20. తగిలితే శత్రువు మళ్లీ లేవడని నమ్మకం. చెట్టు చాటున, మట్టిగోడ చాటున దాక్కున్నా తూటా దాటుకుని వెళుతుంది.

ఇంకో కారణం కూడా ఉంది, దీని సంగతి బయటివాళ్లకు అంతగా తెలియదు: గ్యాస్ రెగ్యులేటర్. తూటా పేలినప్పుడు వచ్చే గ్యాస్‌లో కొంత వెనక్కి మళ్లి తుపాకీని నడిపిస్తుంది. ఆ గ్యాస్ ఎంత వాడాలో జవాను ఒక రింగు తిప్పి తనే మార్చుకోవచ్చు. ఇసుక, మసి పట్టి తుపాకీ బద్ధకిస్తుంటే రెండు గాట్లు బిగిస్తే మళ్లీ నడుస్తుంది. ఆగిపోయిన తుపాకీని అక్కడికక్కడే దారికి తెచ్చుకునే వీలు జవానుకి ఎంత ధైర్యమో చెప్పనక్కర్లేదు.

తిట్లు కూడా పడ్డాయి. పొడవెక్కువ, బరువెక్కువ. భుజానికి తన్నే తన్నుకి కొత్త రిక్రూట్లు కళ్లు మూసుకునేవాళ్లు.

తూటాల బరువు అంత పెద్ద సమస్యా?

లెక్క వేయండి. ఎస్‌ఎల్‌ఆర్ తూటా ఒక్కోటి సుమారు 24 గ్రాములు. దాని తర్వాత వచ్చిన మన దేశపు రైఫిల్ ఇన్‌సాస్‌ది 5.56 మి.మీ. తూటా, సుమారు 12. వంద తూటాలకే కిలోకి పైగా తేడా. దానికి మ్యాగజైన్లు, గ్రెనేడ్లు, నీళ్లు, పార, దుప్పటి కలపండి. సెక్షన్‌లో, అంటే పదిమంది జవాన్ల జట్టులో, ఎల్‌ఎంజీ మ్యాగజైన్లనూ అందరూ పంచుకుని మోస్తారు. కార్గిల్‌లో నిట్టనిలువు కొండలెక్కేటప్పుడు జవాన్లు తిండి తగ్గించుకుని ఆ చోట్లో తూటాలు పెట్టుకున్నారు. ఆకలికి ఓర్చుకోవచ్చు, ఖాళీ మ్యాగజైన్‌తో శత్రువు బంకర్ ముందు నిలబడలేరు కదా.

ఎల్‌ఎంజీ ఇస్తే జవానుకి గర్వమా, శిక్షా?

రెండూ. అప్పటి ఎల్‌ఎంజీ బ్రెన్ గన్, సుమారు 10 కిలోలు. పైన వంకర మ్యాగజైన్, అందులో 30 తూటాలు పట్టినా స్ప్రింగు అలిసిపోకుండా 28 వేసేవాళ్లు. కాల్చేవాడు నంబర్ వన్. పక్కన పడుకుని మ్యాగజైన్లు మార్చేవాడు, బ్యారెల్ వేడెక్కితే కొత్తది ఎక్కించేవాడు నంబర్ టూ. నంబర్ టూ ఎంత చురుకైనవాడైతే గన్ అంతసేపు మాట్లాడుతుంది. సెక్షన్ మొత్తానికి ఇదే వెన్నెముక. శత్రువు కూడా ముందు వెతికేది దీన్నే. 1962లో పేలిన బ్రెన్‌నే తర్వాత 7.62కి మార్చి దశాబ్దాల పాటు వాడారు.

స్టెన్ గన్, కార్బైన్ సంగతి?

ఇవి పొట్టి ఆటోమేటిక్ తుపాకులు, దగ్గరి పోరుకి తప్ప పనికిరావు. స్టెన్ చేతిలోంచి జారి పడితే దానంతటదే పేలుతుందని భయపడేవాళ్లు, ఆ భయం ఉత్తిది కాదు. తర్వాత వచ్చిన స్టెర్లింగ్ రకం కార్బైన్ చాలా నయం.

1965లో జీపు మీద తుపాకీతో ట్యాంకులు పేల్చారంటారు, అదెలా?

అది 106 మి.మీ. రీకాయిల్‌లెస్ గన్, జవాన్ల భాషలో ఆర్‌సీఎల్. 4 గ్రెనేడియర్స్‌కు చెందిన హవల్దార్ అబ్దుల్ హమీద్ ఖేమ్‌కరణ్ సెక్టార్‌లో, చీమా గ్రామం దగ్గర చెరుకు తోటల చాటున జీపు నిలిపి దానితో పాకిస్తాన్ ప్యాటన్ ట్యాంకులను కొట్టాడు. 1965 సెప్టెంబర్ 10న అక్కడే అమరుడయ్యాడు. పరమవీర చక్ర ఇచ్చారు.

గన్‌కి వెనక్కి తన్ను ఉండకూడదని గ్యాస్‌ని వెనక నుంచి వదిలేస్తారు. దానితో పెద్ద మంట, దుమ్ము మేఘంలా లేస్తాయి. ఒక్క గుండు పేల్చారంటే మీరెక్కడున్నారో మైదానం మొత్తానికి చాటింపు వేసినట్టే. కాబట్టి కొట్టు, వెంటనే కదులు, ఇంకో చోటు నుంచి కొట్టు. ట్యాంకు ఫిరంగి మీ వైపు తిరిగేలోపు జీపు అక్కడ ఉండకూడదు. జీపుకి ఉక్కు కవచం లేదు, డ్రైవర్ చొరవే కవచం. అబ్దుల్ హమీద్ మళ్లీ మళ్లీ చోటు మార్చి కొట్టాడంటే దాని వెనక ఎంత టెన్షన్ ఉండేదో ఊహించుకోవచ్చు.

ఇలాంటి గన్లు, 84 మి.మీ. రాకెట్ లాంచర్లు కాల్చినవాళ్లలో వినికిడి తగ్గిన పెద్దవాళ్లు చాలామంది కనిపిస్తారు. అప్పట్లో చెవుల సంగతి ఎవరూ పట్టించుకోలేదు.

బయొనెట్ (తుపాకీ మూతికి బిగించే కత్తి) నిజంగా వాడారా, లేక పరేడ్ కోసమేనా?

వాడారు. 1971 డిసెంబర్ 3-4 తేదీల్లో ఇప్పటి బంగ్లాదేశ్‌లోని గంగాసాగర్ దగ్గర 14 గార్డ్స్ లాన్స్ నాయక్ ఆల్బర్ట్ ఎక్కా, ఎల్‌ఎంజీతో కాల్పులు జరుపుతున్న బంకర్ మీదికి దూకి ఇద్దరిని బయొనెట్‌తో పొడిచి ఆ గన్‌ను ఆపాడు. ఆ తర్వాత రెండో అంతస్తు నుంచి కాలుస్తున్న మీడియం మెషిన్ గన్ దగ్గరికి పాక్కుంటూ వెళ్లి గ్రెనేడ్ విసిరి, లోపలికెక్కి దాన్నీ నోరు మూయించాడు. గాయాలతో చనిపోయాడు. ఆయనకీ పరమవీర చక్ర.

ఆయన చేతిలోని గ్రెనేడ్లను జవాన్లు 36 నంబర్ గ్రెనేడ్ అంటారు. దాని మూలం మొదటి ప్రపంచ యుద్ధం నాటిది. పిన్ను తీసి లివర్ వదిలాక సుమారు 4 సెకన్లు. 2021లో కొత్త మల్టీమోడ్ గ్రెనేడ్లు సైన్యానికి అందేదాకా అదే నడిచింది. నూరేళ్లు ఒకే గ్రెనేడా అని అడిగితే నా దగ్గర మర్యాదైన జవాబు లేదు.

శ్రీలంకలో మన జవాన్లకు ఎక్కడ తేడా కొట్టింది?

శాంతి సేనగా శ్రీలంక వెళ్లిన మనవాళ్లకు 1987 అక్టోబర్‌లో జాఫ్నాలో ఎల్‌టీటీఈతో మొదలైన పోరు బహిరంగ మైదానంలో జరగలేదు. సందులు, తాటాకు దడులు, ఇళ్ల పెరళ్లు. ఎల్‌టీటీఈ వాళ్ల దగ్గర ఏకే రకం ఆటోమేటిక్ తుపాకులు. మనవాళ్ల దగ్గర పొడవాటి ఎస్‌ఎల్‌ఆర్. 20 గజాల దూరంలో పొద చాటు నుంచి ఒక్కసారిగా జల్లు కురిపించేవాడికి, ఒక్కో నొక్కుకి ఒక్కో తూటాతో జవాబివ్వాలి. మైదానంలో నమ్మకంగా ఉన్న ఆ తుపాకీయే సందులో అడ్డమొచ్చింది.

నవంబర్ 25న 8 మహర్‌కి చెందిన మేజర్ రామస్వామి పరమేశ్వరన్ ఛాతీలో తూటా తగిలాక కూడా ఎదుటివాడి తుపాకీ లాక్కుని అతన్నే కాల్చాడు. ఆ తర్వాత కొద్ది సంవత్సరాలకే సైన్యం తూర్పు యూరప్ దేశాల నుంచి ఏకేలు పెద్ద ఎత్తున తెప్పించుకుంది. కశ్మీర్ లోయలో పనిచేసే జవాను చేతికి ఏకే వచ్చింది అలాగే.

కార్గిల్‌లో ఇన్‌సాస్ మొరాయించిందన్నది నిజమేనా?

నిజమే, కానీ సోషల్ మీడియాలో చెప్పినంత ఘోరంగా కాదు.

ఇన్‌సాస్‌ని పుణేలోని ఏఆర్‌డీఈ అనే ప్రభుత్వ ఆయుధ పరిశోధన సంస్థ రూపొందించింది. 1999లో కొండలెక్కేనాటికి అది సైన్యానికి ఇంకా కొత్త. మ్యాగజైన్ పారదర్శక ప్లాస్టిక్‌ది. ఎన్ని తూటాలు మిగిలాయో కంటికి కనపడుతుందని జవాన్లకు నచ్చింది. అదే మ్యాగజైన్ గడ్డకట్టే చలిలో పగిలింది. ఒక్క నొక్కుకి మూడేసి తూటాలు వెళ్లే బర్స్ట్ సరిగా పడకపోవడం, మధ్యలో ఆగిపోవడం, కాల్చేటప్పుడు నూనె ఎగిరి కళ్లల్లో పడటం, ఇవన్నీ జవాన్ల నుంచి వచ్చిన ఫిర్యాదులే. తర్వాత చాలా మార్పులు చేశారు.

దాని మంచి కూడా చెప్పాలి. తన్ను తక్కువ, గురి బాగుంటుంది, తూటాలు తేలిక. అయినా 2005లో నేపాల్ సైన్యం కూడా మావోయిస్టులతో పోరులో ఇన్‌సాస్ వేడెక్కి ఆగిపోయిందని ఆరోపించింది. సరిగా చూసుకోలేదని మన వైపు జవాబు. నా మట్టుకు నాకు రెండింట్లోనూ కొంత నిజం ఉందనిపిస్తుంది. ఎవరు ఎలా చూసుకున్నా నడిచేదే యుద్ధంలో పనికొచ్చే తుపాకీ.

గడ్డకట్టే చలిలో తుపాకీకి అసలేమవుతుంది?

ముందు నూనె చిక్కబడుతుంది. మైదానంలో తుపాకీని కాపాడిన నూనె కొండ మీద జిగురై బోల్టును నెమ్మదిగా కదిలిస్తుంది. అందుకే చలి ప్రాంతాల్లో పలచగా రాస్తారు, కొన్నిచోట్ల దాదాపు తుడిచేస్తారు.

రెండోది తేమ. సెంట్రీ డ్యూటీ చేసి మంచులా చల్లబడిన తుపాకీతో జవాను బుఖారీ (చలి కాచుకునే పొయ్యి) వెలిగించిన బంకర్‌లోకి వచ్చాడనుకోండి. వెచ్చటి గాలి తగలగానే ఇనుము మీద, లోపల కూడా నీటి బొట్లు పడతాయి. రెండు గంటల తర్వాత మళ్లీ బయటికెళ్తే ఆ నీళ్లు గడ్డకడతాయి. బోల్టు కదలదు. తెలిసినవాళ్లు తుపాకీని బయటే, మంచు పడని చోట పెడతారు, లేదా లోపలికి తెచ్చాక పూర్తిగా విప్పి తుడుస్తారు. బ్యారెల్ మూతిలో మంచు దూరకుండా చూసుకోవడం ఇంకో పని. దూరిన మంచుతో కాలిస్తే బ్యారెల్ పగలొచ్చు.

మూడోది చేతులు. చేతి తొడుగు వేసుకుంటే వేలు ట్రిగ్గర్ గార్డులో సరిగా దూరదు. తీస్తే చర్మం ఇనుముకి అతుక్కుంటుంది. పల్చటి తొడుగు ఒకటి లోపల, లావుది పైన వేసుకుని, కాల్చాల్సినప్పుడు పైది తీయడం ఒక ఉపాయం.

ఎత్తులో గురి కూడా మారుతుందా?

మారుతుంది. గాలి పలచన కాబట్టి తూటాకి అడ్డు తక్కువ. మైదానంలో జీరో చేసిన, అంటే గురి సరిచేసిన, తుపాకీ పైన కాల్చితే తూటా కాస్త ఎగువన తగులుతుంది. నిటారుగా పైకో కిందికో కాల్చినా అంతే. కార్గిల్ యుద్ధంలో మనవాళ్లు ఎక్కిన పాయింట్ 4875 అంటే సముద్రమట్టానికి 4,875 మీటర్ల ఎత్తు. అక్కడికి వెళ్లిన జవాను కొత్తగా జీరో చేసుకోకపోతే తలపైనుంచి పోతుంది. ఫిరంగులకూ ఇదే తలనొప్పి.

శత్రువు తుపాకీ లాక్కుని కాల్చడం సినిమాల్లోనేనా?

అదే పాయింట్ 4875 మీద 1999 జులై 4న 13 జాక్ (జమ్మూ కశ్మీర్) రైఫిల్స్ రైఫిల్‌మన్ సంజయ్ కుమార్ గాయాలతోనే బంకర్‌లోకి చొరబడి ముగ్గురిని మట్టుపెట్టాడు. పారిపోతున్న శత్రువులు వదిలేసిన మెషిన్ గన్ తీసుకుని వాళ్ల మీదే తిప్పాడు. సినిమా కాదు, పరమవీర చక్ర ప్రశంసాపత్రంలో ఉన్న విషయం.

చిందీ, పుల్‌త్రూ అంటుంటారు, ఏమిటవి?

పుల్‌త్రూ అంటే బ్యారెల్ లోపల తుడిచే తాడు. ఒక చివర ఇత్తడి బరువు, ఇంకో చివర గుడ్డ పెట్టే ఉచ్చు. బరువును బ్యారెల్లోకి వదిలి అవతలి నుంచి లాగితే గుడ్డ లోపలంతా తుడుచుకుంటూ వస్తుంది. ఆ గుడ్డపీలికే చిందీ. లీ-ఎన్‌ఫీల్డ్‌లో పుల్‌త్రూ, చిన్న నూనె బుడ్డి తుపాకీ మడమలో ఉన్న గూట్లోనే ఉండేవి. కోత్‌కి, అంటే ఆయుధాలు భద్రపరిచే గదికి, మురికి తుపాకీ తిరిగి ఇచ్చిన జవానుకి పడే చీవాట్లు మామూలుగా ఉండవు.

గల్వాన్‌లో తుపాకులుండీ ఎందుకు కాల్చలేదు?

1996 నాటి భారత-చైనా ఒప్పందం ప్రకారం వాస్తవాధీన రేఖకు 2 కిలోమీటర్ల లోపు కాల్పులు జరపకూడదు. 2020 జూన్ 15 రాత్రి రాళ్లు, మేకులు దిగ్గొట్టిన కర్రలతో జరిగిన ఘర్షణలో మన 20 మంది చనిపోయారు. 16 బిహార్ కమాండింగ్ ఆఫీసర్ కల్నల్ సంతోష్ బాబు మన సూర్యాపేట వారు. ఆయనకు మరణానంతరం మహావీర చక్ర వచ్చింది.

తెలుగు నేలకు ఈ కథలో ఇంకేం సంబంధం ఉంది?

పశ్చిమ గోదావరిలో తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరాన్ని మిలిటరీ మాధవరం అనే పిలుస్తారు. మొదటి ప్రపంచ యుద్ధం నుంచి ఆ ఊరి మనుషులు సైన్యంలో ఉన్నారు. కార్గిల్‌లో 2 రాజ్‌పుతానా రైఫిల్స్ మేజర్ పద్మపాణి ఆచార్య హైదరాబాద్ వాసి. 1999 జూన్ 28న ద్రాస్ సెక్టార్‌లో అమరుడయ్యారు, మహావీర చక్ర. ఇక ఇన్‌ఫ్యాంట్రీ వాడే మిలాన్ ట్యాంకు విధ్వంసక క్షిపణి తయారయ్యేది హైదరాబాద్‌లోని భారత్ డైనమిక్స్‌లో. జవాన్లను మోసే బీఎంపీ వాహనాలు మెదక్ ఫ్యాక్టరీవి.

ఇప్పుడు ఏ తుపాకీ ఇస్తున్నారు?

2019లో అమెరికా నుంచి 72,400 సిగ్ 716 రైఫిళ్లకు ఆర్డరిచ్చారు. అవి మళ్లీ 7.62. అమేఠీ జిల్లా కోర్వాలో రష్యాతో కలిసి ఏకే-203 తయారవుతోంది. తగిలినవాడు పడాలి అన్న పాత జవాన్ల వాదనే చివరికి నెగ్గింది. తూటాల బరువు మాత్రం మళ్లీ జవాను భుజానికే.

మా తాతగారు 1971లో ఉన్నారు. అడిగితే నవ్వి ఊరుకుంటారు. ఎలా మాట్లాడించాలి?

ఎంతమందిని చంపావు తాతా అని మాత్రం మొదలుపెట్టకండి. చాలామంది అక్కడే నోరు మూసుకుంటారు. మీకు ఏ తుపాకీ ఇచ్చారు, ఎల్‌ఎంజీకి నంబర్ టూ ఎవరు, ఎప్పుడైనా ఆగిపోయిందా, రాత్రి ఏం తిన్నారు అని అడగండి. వస్తువు గురించి మొదలైన మాట మనుషుల దాకా దానంతటదే వెళ్తుంది. ఆయన దగ్గర డిశ్చార్జ్ బుక్ ఉంటే యూనిట్, సర్వీసు వివరాలు అందులో ఉంటాయి. ఫొటో తీసి పెట్టుకోండి, కాగితం పాతబడితే అక్షరాలు పోతాయి. పతకాలు కూడా చూడండి. 1971లో తూర్పున పనిచేసినవాళ్లకి పూర్వీ స్టార్, పడమర పనిచేసినవాళ్లకి పశ్చిమీ స్టార్ ఇచ్చారు. పతకం అంచు మీదో వెనకో ఆయన నంబరు, పేరు చెక్కి ఉంటాయి. ఆ నంబరు ఉంటే జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో అడగడం సులువు.